మురుగుకాలవ అవతలి పేట ఏ ఊరిది?

అమలాపురంలో డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరైనవాణ్ణి. మొన్నామధ్య నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరి ఫోన్ చేసింది. "సార్, సిలబస్ సంగతి నాకు తెలుసండీ. అసలు పనేంటో చెప్పండి," అంది. ఫోన్లో ఏదో గొణిగి పెట్టేశాను. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో కాలు నిలవలేదు. గదిలోంచి వసారాలోకీ, వసారాలోంచి రోడ్డు మీదకీ తిరుగుతుంటే మా ఆవిడ, "ఆ అమ్మాయికి చెప్పాల్సిందేదో కాగితం మీద పెట్టండి, ఇంట్లో నేల అరిగిపోతోంది," అంది. అందుకని రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించీ, ఎరియర్ల గురించీ, నాకు కప్పిన శాలువాల గురించీ ఇందులో ఉండదు. ఆ శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికి కూడా పనికిరావు. ఒక తప్పు గురించి మాత్రం రాస్తాను. అది చేసిన తర్వాతే నేను ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ప్రిన్సిపాల్ గారూ, పిక్నిక్కూ

నేను చేరిన రోజుల్లో మా ప్రిన్సిపాల్ గారు ఎకనామిక్స్ మనిషి. మంచివాడే, కాకపోతే హాజరుపట్టీ తప్ప మరో పుస్తకం నమ్మేవాడు కాదు. జాగ్రఫీ అంటే ఆయన దృష్టిలో పటాలు గోడకు తగిలించి, బెత్తంతో చూపించే సబ్జెక్టు. పిల్లల్ని ఊళ్ళు తిప్పుతానని అడిగితే నవ్వేవాడు.

"ఫీల్డ్ వర్కంటే పిక్నిక్కే కదండీ మేష్టారూ. పులిహోర కట్టించుకెళ్ళండి, సరిపోద్ది," అనేవాడు.

ఆయన మీద పంతంతోనే తిరిగాను. ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువులు తవ్వుతున్న రోజులు. వరి పండే నేల ఏడాది తిరిగేసరికి ఉప్పునీటి చెరువైపోయేది. పక్క చేల రైతులు గట్ల మీద నిలబడి తిట్టుకునేవాళ్ళు. పిల్లలు నోటుబుక్కులు పట్టుకుని అవన్నీ రాసుకునేవాళ్ళు. వాళ్ళ చెప్పులు బురదలో ఉండిపోయేవి. మర్నాడు వాళ్ళ తండ్రులు పోట్లాడ్డానికి కాలేజీకి వచ్చేవాళ్ళు. అలాంటి వారం గడిస్తే నాకు కడుపు నిండినట్టుండేది. క్లాసులో నలభై నిముషాలు కూర్చుంటే మాత్రం కాళ్ళు జివ్వుమనేవి. ఈ జబ్బు ఇప్పటికీ తగ్గలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు మొదటి మాట. పై అధికారి నవ్వినా సరే, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి. కానీ తిరిగినంత మాత్రాన కళ్ళు తెరుచుకుంటాయని అనుకోకండి. నేను అలాగే అనుకున్నాను.

ఊరి పటం గీయమంటే

తొంభై ఆరు తుఫాను తర్వాతి ఏడాది మొదటి సంవత్సరం పిల్లలకు ఒక పని ఇచ్చాను. పుస్తకం చూడకుండా, ఎవరినీ అడగకుండా, ఎవరి ఊరి పటం వాళ్ళు గుర్తున్నంత మేరకు గీయాలి. ఒక తెల్ల ఠావు, ఒక పెన్సిలు, గంట టైము.

ఆ ఠావులు ఇంటికి తెచ్చుకుని మంచం మీద పరిచాను. ఊళ్ళో ఉండే పిల్లల పటాల్లో రామాలయం ఉంది, సొసైటీ ఉంది, బస్సాగే చోటు ఉంది, కొబ్బరికాయలు రాశులు పోసే కళ్ళం ఉంది. దళితుల పేట మాత్రం లేదు. కొందరు కాగితం అంచున బాణం గుర్తు వేసి 'పేటకు దారి' అని రాసి ఊరుకున్నారు. పేట పిల్లల పటాల్లో పేట ఉంది, చర్చి ఉంది, కుళాయి ఉంది. దానితోపాటు ఊరు కూడా మొత్తం ఉంది. ఏ రైతు ఇంటికి పెరటి తలుపు ఎటువైపుందో కూడా గీశారు. వాళ్ళ అమ్మలు పనికి వెళ్ళేది ఆ తలుపుల్లోంచే.

ఆ తేడా చూసి మహా సంబరపడ్డాను. వ్యాసం రాస్తే ఎక్కడ అచ్చేయించాలా అని కూడా ఆలోచించాను.

అందులో మార్త అనే అమ్మాయి పటం ఒకటి ఉంది. మార్తది అల్లవరం వైపు ఒక ఊరు, పేరు రాయను. సన్నగా, పొడుగ్గా ఉండేది. కబడ్డీ ఆడేది. కూతకు వెళ్తే అవతలి జట్టు వాళ్ళు పట్టు వేసేలోపే గీత దాటి వచ్చేసేది. ఆ అమ్మాయి పటంలో సగం ఠావు కబడ్డీ బరే. ఆ పేటకూ ఊరికీ మధ్య ఒక మురుగుకాలవ ఉంది, నేను చూశాను. దాన్ని మార్త గీయనేలేదు. రెండు మార్కులు తగ్గించి, పిలిచి అడిగాను.

"అంత కాలవ ఎలా మర్చిపోయావమ్మా?"

"కాలవేంటండీ?" అంది మార్త. ఒక్క క్షణం ఆలోచించి, "ఓ, మురుక్కాలవాండీ? దాని మీద తాటిపట్టె వేసుందండి. రోజుకు పదిసార్లు దాటతాం. అదో పెద్ద లెక్కేంటండీ?" అంది.

నాకు నవ్వొచ్చింది. మార్కులు మాత్రం కలపలేదు.

ఆ రోజే తన సంగతి కూడా చెప్పింది. వాళ్ళ నాన్న లేడు. తుఫానుకు కొబ్బరిచెట్లు పడిపోయాక తోటల్లో పని లేక, వాళ్ళమ్మ మస్కట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళింది. ఇక్కడ మార్త, అమ్మమ్మ ఉంటున్నారు. అమ్మ పనిచేసే ఇంటివాళ్ళ బంధువులకు ఇంకో పనిమనిషి కావాలట. ఏజెంటు వీసా తెస్తానన్నాడు.

"ఈ ఏడు జిల్లా జట్టులో నా పేరుంటే అమ్మ ఇక్కడుండనిత్తానందండి. జట్టులో ఉంటే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా ఉందంట కదండీ. పేరు లేకపోతే పరీక్షలైపోగానే ఎక్కేయమందండి ఇమానం," అంది.



తీర్థం రోజు

మాఘమాసంలో వాళ్ళ ఊరి తీర్థం. ఏటా తీర్థానికి కబడ్డీ పోటీలు పెడతారు. ఆ ఏడు ఆడపిల్లల జట్లను కూడా పిలిచారు. చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు డబ్బిచ్చి బయటి ఆటగాళ్ళను తెచ్చుకుంటున్నాయని పాత గొడవ ఉంది. అందుకని కమిటీవాళ్ళు ఒక నిబంధన పెట్టారు. జట్టులో అందరూ ఆ గ్రామం వాళ్ళే అయ్యుండాలి. జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంపిక చేసే కోచ్ గారు ఫైనల్ చూడ్డానికి వస్తున్నారని కూడా చాటించారు.

నన్ను అతిథిగా పిలిచారు. కాలేజీ లెక్చరర్‌ని, పైగా వాళ్ళ పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. వేదిక మీద, ప్రెసిడెంటు గారి పక్క కుర్చీలో కూర్చోబెట్టి, చల్లటి కొబ్బరినీళ్ళిచ్చారు. నా సంచిలో ఆ చుట్టుపక్కల ఊళ్ళ రెవెన్యూ నక్షాలు ఉన్నాయి. ఆ వారం క్లాసులో చూపిద్దామని సర్వే ఆఫీసు నుంచి తెచ్చుకున్నవే. సంచి ఇంటి దగ్గర పెట్టి రావచ్చు. పెట్టలేదు.

ఫైనల్‌కు మార్త వాళ్ళ జట్టే వచ్చింది. సెమీఫైనల్లో ఒక్క కూతకు ముగ్గుర్ని ముట్టుకుని వచ్చింది మార్త. కోచ్ గారు పక్కాయన్ని పేరడిగి రాసుకోవడం నా కళ్ళారా చూశాను. మధ్యాహ్నం మూడయ్యింది. టాస్ వెయ్యబోతుంటే ఎదుటి జట్టు ఊరి పెద్దమనిషి వేదిక దగ్గరికొచ్చాడు.

"ఆ పొడుగమ్మాయిది ఈ ఊరు కాదండి. కాలవ అవతలి పేట. ఆ నేల మీ పక్కూరి కిందకొస్తాదండి. నిబంధన మీరే పెట్టేరు," అన్నాడు.

మార్త వాళ్ళ ఊరి ప్రెసిడెంటు గారు గట్టిగా కాదంటారనుకున్నాను. ఆయన కండువా సర్దుకుని నా వైపు తిరిగారు. ఆయన తమ్ముడి కూతురు సబ్‌స్టిట్యూట్ల వరుసలో కూర్చునుందని నాకు తర్వాత తెలిసింది.

"మేష్టారు ఉన్నారుగా. ఇలాంటివి వారికంటే బాగా ఎవరికి తెలుస్తాయండీ? వారు ఎలా చెబితే అలాగేనండి," అన్నారు.

తగుదునమ్మా అని సంచి విప్పాను. నక్షా బల్ల మీద పరిచాను. చుట్టూ పెద్దమనుషులు మూగారు. నా వేలు మురుగుకాలవ వెంబడి నడిచింది. గ్రామాల సరిహద్దు అచ్చంగా ఆ కాలవే. ఎప్పుడో పాతరోజుల్లో పేటలోకి వరద వస్తే, కాలవ అవతల మెరక మీద పోరంబోకు నేలలో ఇళ్ళ స్థలాలిచ్చారు. ఆ మెరక పక్క గ్రామం లెక్కలో ఉంది.

"రెవెన్యూ పటం ప్రకారం ఆ పేట పక్క గ్రామానిదేనండి," అన్నాను. మైకు నా ముందే ఉంది. అందరికీ వినిపించింది.

మార్త బరిలోంచి పరుగున వచ్చింది. మోకాళ్ళకు మట్టి. వేదిక కింద నిలబడి తలెత్తి నన్నే చూసింది.

"సార్, మా రేషన్ కార్డు ఈ ఊరిదేనండి. మా అమ్మమ్మ ఓటు ఇక్కడేనండి. పది నిముషాలాగండి, ఇంటికెళ్ళి కార్డు తెత్తాను."

నేనన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"పటం అబద్ధం చెప్పదమ్మా," అన్నాను.

"మేష్టారు చెప్పేరు కదా, ఇంకేటండి," అన్నారు ప్రెసిడెంటు గారు. ఊళ్ళోవాళ్ళు ఒక్కరూ నోరెత్తలేదు. బరికి అవతలి పక్క, పేటవాళ్ళు కూర్చున్న వైపు నుంచి కూడా చప్పుడు లేదు. మార్త పరుగెత్తుకుంటూ వెళ్ళింది. ప్రెసిడెంటు గారి తమ్ముడి కూతురు బరిలోకి దిగింది.

కార్డు పట్టుకుని మార్త తిరిగొచ్చేసరికి ఆట మొదలైపోయింది. కార్డును ఎవరికి చూపించాలో తెలియక బరి చుట్టూ ఒకసారి తిరిగింది. చివరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆట అయ్యాక కోచ్ గారు రెండు పేర్లు చదివారు. ఆయన కాగితం మీద మార్త పేరు కొట్టేసి ఉండడం నాకు కనిపించింది. ఈ ఊరి పేరుతో కాకపోతే ఏ ఊరి పేరుతో పంపాలో ఆయనకు తెలియలేదట.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి కరచాలనం చేశారు. "పెద్ద గొడవ కావాల్సింది అరటిపండు ఒలిచినట్టు తేల్చేసేరంట కదండీ. మన కాలేజీ పేరు నిలబెట్టేరు," అన్నారు. అన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

వార్షిక పరీక్షలు కాగానే మార్త మస్కట్ వెళ్ళిపోయింది.

ఎందుకు చేశాను

ఈ భాగం రాయకుండా వదిలేద్దామని నాలుగుసార్లు లేచాను.

నక్షా చదవడంలో నేను తప్పు చెయ్యలేదు. గీత అక్కడే ఉంది. కానీ 'గ్రామం' అని కమిటీవాళ్ళు రాసుకున్నది రెవెన్యూ గ్రామమా, పంచాయతీయా అని ఒక్క ప్రశ్న వెయ్యాల్సింది. ఓటెక్కడ, రేషనెక్కడ, చనిపోతే పాతిపెట్టేదెక్కడ అని అడగాల్సింది. ఆ ప్రశ్నలన్నీ నేను క్లాసులో పిల్లలకు నేర్పేవే. పైగా మార్త గీసిన పటం నా దగ్గరుంది. అందులో ఆ కాలవ లేదు. ఆ పేటవాళ్ళ బతుకులో అది సరిహద్దు కాదని ఆ అమ్మాయి గీసి మరీ ఇచ్చింది. నేను దానికి మార్కులు తగ్గించాను.

తెలిసీ ఎందుకలా చేశానంటే, ఆ కుర్చీ వల్ల. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. కొత్తపేట దగ్గర ఒక పేటలో పుట్టాను. నాకు పదేళ్ళప్పుడు నాన్న రోడ్డు పక్క ఇల్లు కట్టి పేట నుంచి మమ్మల్ని బయటికి తెచ్చాడు. అప్పట్నుంచి ఎవరడిగినా "మాది కొత్తపేటండి" అని ఊరుకునేవాళ్ళం. మా వైపు కొత్తవాణ్ణి అడిగే పద్ధతి ఒకటుంది. "ఏ ఊరండీ?" అంటారు. చెప్పాక, ఎంతో మర్యాదగా, "ఊళ్ళో ఎటువైపండీ?" అంటారు. ఆ రెండో ప్రశ్న దిక్కు గురించి కాదు, కులం గురించి. "రోడ్డు మీదేనండి" అని తప్పించుకోవడం నాకు బాగా అలవాటు. జాగ్రఫీ చెప్పేవాణ్ణి, నా ఇల్లు ఎక్కడో నేనే చెప్పను.

ఆ వేదిక మీద ఆ రెండో ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ప్రెసిడెంటు గారు "మేష్టారూ, వారూ" అంటుంటే ఒళ్ళు పులకరించింది. పేట పక్షం మాట్లాడితే వాళ్ళకెక్కడ అనుమానం వస్తుందో అని భయం కూడా ఉంది. ఆ సమయానికి సంచిలో నక్షా దొరికింది, దాని వెనక దాక్కున్నాను. కొత్తగా వచ్చేవాళ్ళకు నా రెండో మాట ఇదే. ఎవరైనా మిమ్మల్ని పటం చూసి చెప్పమంటే, అడుగుతున్నదెవరో, ఎందుకడుగుతున్నారో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత మీకెందుకు చెప్పాలనిపిస్తోందో కూడా చూసుకోండి.

తిరుగుడు

ఆ తర్వాత నాకు కుదురు పూర్తిగా పోయింది. సెలవు దొరికితే రాజోలు బస్సెక్కేవాణ్ణి. పేటలన్నీ తిరిగాను. మస్కట్, దుబాయ్, కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎవరు వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, ఇక్కడ పిల్లల్ని ఎవరు చూస్తున్నారు అని రాసుకునేవాణ్ణి. ఏ ఏజెంటు ఏ పేటకు వస్తాడో, ఏ పాస్‌పోర్టులో వయసు ఎన్నేళ్ళు పెంచి రాయించారో జనం నాకు చెప్పేవాళ్ళు. నేను వాటిని పటాల మీద ఎక్కించేవాణ్ణి కాదు. ఇల్లు గుర్తుపట్టేలా చుక్క పెడితే అది ఎవరి చేతిలో పడుతుందో నాకిప్పుడు తెలుసు. యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ గారు, "ఇంత పని చేసి పటం లేకుండా ఎలాగయ్యా?" అని కోప్పడ్డారు. అయినా చుక్కలు పెట్టలేదు.

ఇదంతా గొప్ప పరిశోధనని జనం మెచ్చుకున్నారు. నిజానికి నేను తిరిగింది ఒక్క పేటకు వెళ్ళకుండా ఉండడానికి. అల్లవరం వైపు వెళ్ళాల్సి వస్తే విద్యార్థుల్ని పంపేవాణ్ణి.

రెండు వేల ఐదో ఆరో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ మీద ఒక చిన్న ప్రాజెక్టు వచ్చింది. ముప్పై రెండు ప్రశ్నల ఫారం తయారు చేశాను. కాలవ అవతలి పేటకు ఎప్పట్లాగే ఇద్దరు ఆడపిల్లల్ని పంపాను. సాయంత్రం ఫారాలు తెచ్చారు. ఒకటి ఖాళీగా ఉంది.

"ఈవిడ చెప్పనన్నారండి సార్. మీ సార్‌నే రమ్మనండి, వారికైతే చెబుతానన్నారు," అంది ఒకమ్మాయి. ఫారం మీద మార్త పేరుంది.

ముప్పై రెండు ప్రశ్నలు

వారం రోజులు వాయిదా వేసి వెళ్ళాను. తాటిపట్టె స్థానంలో సిమెంటు వంతెన వచ్చింది. మార్త చిన్న స్లాబిల్లు వేసుకుంది. ఒళ్ళు చేసింది, కుడి మోకాలు వంగడం లేదు. కుర్చీ తెచ్చి వేసి, టీ ఇచ్చి, ఎదురుగా పీట మీద కాలు చాపుకుని కూర్చుంది.

"అడగండి సార్. మా పాప బడి నుంచి వచ్చే టైమైంది," అంది.

పేరు, చదువు, ఎన్నేళ్ళు పనిచేసింది, ఎవరింట్లో, ఎన్నింటికి లేచేది, అన్నీ అడిగాను. అన్నిటికీ తడుముకోకుండా జవాబిచ్చింది. మోకాలు మేడమెట్లు కడుగుతుంటే జారి పాడయ్యిందట. అది కూడా రాసుకున్నాను. ఐదో ప్రశ్న సొంత గ్రామం. దాన్ని మాత్రం అడక్కుండా ఆరుకెళ్ళిపోయాను. అన్నీ అయ్యాక మార్త కాగితం వైపు వంగి చూసింది.

"ఒకటొదిలేసేరండి," అంది.

పెన్ను కింద పెట్టేశాను. "ఆ రోజు నేను చేసింది తప్పమ్మా," అన్నాను. "ఆ ప్రెసిడెంటు గారూ వాళ్ళూ..."

"వాళ్ళ మీద నాకేం కోపం లేదండి," అంది మార్త. "వాళ్ళెప్పుడూ అంతేనండి. ఆ పెద్దమనిషి వచ్చి పేచీ పెట్టినప్పుడు మా పేట కుర్రోళ్ళు లేచేరండి గొడవకి. మా అమ్మమ్మే కూచోబెట్టేసింది. 'లెగకండ్రా, పైన మనోడున్నాడు, కొత్తపేట మిషన్ బడి మేష్టారి అబ్బాయి, ఆయన చూసుకుంటాడు' అందండి. అందుకే ఎవరూ మాటాడలేదండి."

ఆ రోజు అటువైపు నుంచి చప్పుడెందుకు లేదో ఇన్నేళ్ళూ నేను ఆలోచించనేలేదు. భయపడ్డారనుకున్నాను. పదేళ్ళప్పుడు వదిలొచ్చిన పేట సంగతి ఊళ్ళో పెద్దమనుషులకు తెలియకూడదని నేను దాక్కుంటుంటే, బరి అవతల కూర్చున్నవాళ్ళందరికీ తెలుసన్నమాట. తెలిసి, నన్ను నమ్ముకుని కూర్చున్నారు.

"నేనూ పేటవాణ్ణేనమ్మా," అన్నాను. యాభై దాటిన వయసులో, ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి.

"ఆయ్, తెలుసండి," అంది మార్త. "ఆ మాట ఆ రోజు మైకులో చెప్పాల్సిందండి."